ఐదేళ్ల బాబు రోజూ గుర్రు పెడుతున్నాడు, మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉంటోంది. ఆపరేషన్ చేయించాలా, ఆగాలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. బాబుకి ఐదేళ్లు. ఏడాదిగా దాదాపు ప్రతి రాత్రీ నోరు తెరుచుకుని గుర్రు పెడుతున్నాడు. ఒక్కోసారి ఆ గురక ఉన్నట్టుండి ఆగిపోయి, కాసేపటికి ఉలిక్కిపడినట్టు పెద్ద శబ్దంతో మళ్లీ మొదలవుతోంది. ఒక్కచోట కుదురుగా కూర్చోడని బడిలో టీచర్ చెప్పారు. ఒక డాక్టర్ "పెద్దయ్యాక అదే పోతుంది" అన్నారు. ఇంకొకరు టార్చి వేసి గొంతు చూసి "టాన్సిల్స్ పెద్దవి, తీసేద్దాం" అన్నారు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్ పడుతున్నారు.

ముందు సూటిగా సమాధానం చెబుతాను. మీరు రాసిన లక్షణాలను బట్టి ఇది మామూలు గురక అనిపించడం లేదు. నిద్రలో గాలిదారి మూసుకుపోయే జబ్బు, అంటే అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ అప్నియా అయ్యే అవకాశం బాగా ఉంది. దాన్ని పరీక్ష చేసి తేల్చుకోవాలి. తేలిన తర్వాత, ఈ వయసు పిల్లల్లో ఎక్కువమందికి టాన్సిల్స్, అడినాయిడ్స్ రెండూ తీసేయడమే మొదటి వైద్యం. రేపే ఆపరేషన్‌కి పరుగెత్తాల్సిన పని లేదు. అలాగని "పెద్దయ్యాక పోతుందిలే" అని ఏళ్లు గడపకూడదు. కొన్ని వారాల్లో తేల్చుకోవాల్సిన విషయం ఇది. నిద్రలో పెదవులు నీలంగా మారినా, ఊపిరి ఆగినప్పుడు తట్టి లేపాల్సి వస్తున్నా వారాలు కూడా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

నేను ఈఎన్‌టీ డాక్టర్‌ని. ఇరవై ఏళ్లకు పైగా ఎక్కువగా పిల్లల్నే చూస్తున్నాను. ఈ జబ్బు విషయంలో తల్లిదండ్రులకి నేను అన్నిటికన్నా ముందు చెప్పే మాట ఒకటుంది: గురక ఎంత గట్టిగా వస్తోందో వినడం ఆపి, ఊపిరి కోసం బిడ్డ ఎంత కష్టపడుతున్నాడో చూడండి. గోడ అదిరేలా గుర్రు పెట్టినా హాయిగా గాలి పీల్చుకునే పిల్లలు ఉంటారు. శబ్దం పెద్దగా లేకపోయినా రాత్రంతా డొక్కలు ఎగరేసే పిల్లలూ ఉంటారు. నన్ను భయపెట్టేది రెండో రకం.

లోపల ఏం జరుగుతుందో కొంచెం చెప్పాలి. ముక్కు వెనక, అంగిలికి పైన అడినాయిడ్ అనే మెత్తటి కండ ఉంటుంది. నోరు తెరిస్తే అది కనిపించదు. గొంతుకి రెండు పక్కలా టాన్సిల్స్ ఉంటాయి. సుమారు రెండేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు ఈ రెండూ గొంతు వెడల్పుతో పోలిస్తే బాగా పెద్దవిగా ఉంటాయి. మెలకువగా ఉన్నప్పుడు గొంతు కండరాలు బిగువుగా ఉండి దారిని తెరిచి ఉంచుతాయి కాబట్టి ఇబ్బంది తెలియదు. నిద్రపోగానే ఆ కండరాలు సడలుతాయి. అప్పటికే ఇరుకైన దారిలోంచి బిడ్డ గాలిని బలంగా లాగుతాడు, ఆ లాగుడుకి మెత్తటి గొంతు గోడలు లోపలికి ముడుచుకుపోతాయి. పల్చటి స్ట్రాతో చిక్కటి ద్రవాన్ని పీలిస్తే స్ట్రా అతుక్కుపోతుందే, అలాగన్నమాట. అప్పుడు మెదడు బిడ్డని ఒక్క క్షణం సగం నిద్ర లేపుతుంది, కండరాలు బిగుస్తాయి, దారి తెరుచుకుంటుంది. మీరు విన్న ఆ పెద్ద శబ్దం అదే. రాత్రికి ఇది పదుల సార్లు జరగొచ్చు. బిడ్డకి పొద్దున్నే ఏదీ గుర్తుండదు.

చాలామంది చూసే వేళలోనే పొరపాటు ఉంది. పిల్లల్లో ఈ ఊపిరి ఆగడాలు ఎక్కువగా కలలు వచ్చే నిద్రలో, అంటే రెమ్ నిద్రలో జరుగుతాయి. ఆ నిద్ర రాత్రి చివరి భాగంలో ఎక్కువ. మీరు పడుకునే ముందు పదకొండింటికి గదిలోకి తొంగి చూస్తే బిడ్డ ప్రశాంతంగా కనిపించవచ్చు. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటల మధ్య అలారం పెట్టుకుని లేవండి. చొక్కా విప్పి లేదా పైకి జరిపి, ఛాతీ, పొట్ట, మెడ, ముఖం నాలుగూ కనిపించేలా ఫోన్‌లో రెండు మూడు నిమిషాలు వీడియో తీయండి. చిన్న లైటు వేస్తే సరిపోతుంది. శబ్దం కూడా రికార్డు కావాలి కాబట్టి ఫ్యాన్ కాసేపు ఆపండి. ఇలా రెండు మూడు రాత్రులు చేయండి. జలుబు ఉన్న రాత్రి తీసినదాన్ని లెక్కలోకి తీసుకోకండి, జలుబు చేస్తే ఏ బిడ్డయినా గుర్రు పెడతాడు.

ఆ వీడియోలో నేను చూసేవి ఇవి. ఊపిరి పీల్చినప్పుడు మెడ కింద, రెండు ఎముకల మధ్య గుంట లోపలికి పీక్కుపోతోందా? పొట్ట పైకి లేస్తున్నప్పుడు ఛాతీ లోపలికి వెళ్తోందా? రెండూ కలిసి లేవాలి, మూడేళ్లు దాటిన బిడ్డలో ఇలా ఎదురుబొదురుగా కదలడం మామూలు విషయం కాదు. ఛాతీ కదులుతూనే ఉన్నా గాలి శబ్దం లేకుండా పోయే క్షణాలు ఉన్నాయా? తల బాగా వెనక్కి వాల్చి, మెడ చాచి పడుకుంటున్నాడా? కూర్చున్నట్టుగానో, మోకాళ్ల మీద బోర్లా వంగినట్టుగానో నిద్రపోతున్నాడా? ఎవరూ నేర్పకుండానే గాలిదారిని తెరుచుకోవడానికి పిల్లలు కనిపెట్టుకునే భంగిమలు ఇవి. ఒళ్లంతా చెమటలు పట్టి దిండు తడిసిపోవడం కూడా ఊపిరి కోసం పడే శ్రమకి గుర్తే.

పగటి లక్షణాల దగ్గరికి వస్తే, పెద్దవాళ్లలో ఈ జబ్బు ఉంటే పగలంతా కునికిపాట్లు పడతారు. పిల్లలు సాధారణంగా అలా చేయరు. నిద్ర చాలని చిన్నపిల్లలు మత్తుగా ఉండటానికి బదులు మరింత అల్లరిగా, చిరాకుగా, కుదురు లేకుండా తయారవుతారు. బడి నుంచి వచ్చిన ఫిర్యాదుని నేను అందుకే తేలిగ్గా తీసుకోను. కొన్నేళ్ల క్రితం ఏడేళ్ల బాబుని చెవి నొప్పి కోసం నా దగ్గరికి తీసుకొచ్చారు. మాటల్లో, వాడికి కుదురూ ఏకాగ్రతా లేకపోవడానికి ఇచ్చే ఏడీహెచ్‌డీ మందులు మొదలుపెట్టబోతున్నారని తల్లి చెప్పింది. నోరు తెరుచుకునే కూర్చున్నాడు, మాట ముక్కు మూసుకుని మాట్లాడినట్టు ఉంది. రాత్రిళ్లు ఎలా పడుకుంటాడని అడిగితే, మంచం మీద ఈ చివరి నుంచి ఆ చివరికి దొర్లుతాడని, ఆరేళ్లకి మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైందని చెప్పింది. నిద్ర పరీక్షలో జబ్బు తీవ్రంగానే తేలింది. ఆపరేషన్ అయిన కొన్ని నెలలకి టీచర్లే తేడా గమనించారు. అందరికీ ఇలాగే జరుగుతుందని చెప్పడం లేదు. కొందరికి నిజంగానే ఏడీహెచ్‌డీ ఉంటుంది, కొందరికి రెండూ ఉంటాయి. ఆ మందులు మొదలుపెట్టే ముందు రాత్రి నిద్ర గురించి ఒక్క ప్రశ్న అడగాలన్నదే నా మాట.

మానేసిన పక్క తడపడం మళ్లీ రావడం, పొద్దున్నే తలనొప్పి, ఎప్పుడూ నోటితోనే ఊపిరి, బరువు సరిగా పెరగకపోవడం కూడా గమనించండి. రాత్రంతా ఊపిరి కోసం కష్టపడే బిడ్డకి తిన్నదంతా ఆ శ్రమకే ఖర్చవుతుంది. ఎదుగుదల హార్మోన్ గాఢ నిద్రలో ఎక్కువగా విడుదలవుతుంది, ఆ నిద్రే ముక్కలైతే దాని లెక్కా తప్పుతుంది. ఏళ్ల తరబడి తీవ్రంగా ఉండిపోతే రక్తపోటు పెరగడం, గుండె కుడివైపు మీద భారం పడటం వరకు వెళ్లవచ్చు. అంత దూరం వెళ్లేది కొద్దిమందే, కానీ వెళ్లినవాళ్లని నేను చూశాను.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ప్రాక్టీస్ మొదలుపెట్టిన కొత్తలో నాలుగేళ్ల పాపని తండ్రి తీసుకొచ్చాడు. రాత్రి నిద్రలో ఎగశ్వాస పడుతోందని చెప్పాడు. గొంతు చూశాను. టాన్సిల్స్ చిన్నవే. "ఏం లేదు, పెద్దయితే సర్దుకుంటుంది" అని పంపించేశాను. ఏడాది దాటాక మళ్లీ వచ్చారు. ఆ ఏడాదిలో పాప బరువు దాదాపు పెరగనే లేదు. ముక్కులోంచి సన్నటి కెమెరా పెట్టి చూస్తే అడినాయిడ్ వెనక దారిని పూర్తిగా మూసేసి ఉంది. తండ్రి చెప్పింది నిజం, నేను పగటి వెలుగులో ఒక్క నిమిషం చూసి చెప్పింది తప్పు. అప్పటి నుంచి టాన్సిల్స్ సైజు చూసి "ఉంది" అని గానీ "లేదు" అని గానీ చెప్పడం మానేశాను. టాన్సిల్స్ సైజుకీ, జబ్బు తీవ్రతకీ నేరుగా లెక్క కుదరదు. మీకు గొంతు మాత్రమే చూసి ఆపరేషన్ అన్న డాక్టర్ మాట చివరికి సరైనదే కావచ్చు. కానీ అక్కడికి చేరడానికి అది ఒక్కటే చాలదు.

మరి ఎలా తేల్చాలి? కచ్చితమైన పరీక్ష పాలీసోమ్నోగ్రఫీ, మామూలు మాటలో స్లీప్ స్టడీ. బిడ్డ ఒక రాత్రి ల్యాబ్‌లో నిద్రపోతాడు, పక్కనే తల్లో తండ్రో ఉండొచ్చు. తలకి, ఛాతీకి, వేలికి సెన్సర్లు అతికించి మెదడు తరంగాలు, ఊపిరి, ఆక్సిజన్, గుండె వేగం అన్నీ రికార్డు చేస్తారు. సూదులు ఉండవు. నిద్రలో గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా బాగా తగ్గింది అనే లెక్కని ఏహెచ్ఐ అంటారు. రిపోర్టు వచ్చాక ఒక్కటి తప్పకుండా చూడండి: దాన్ని పిల్లల కొలమానంతో చదివారా, పెద్దల కొలమానంతోనా? పెద్దవాళ్లలో గంటకి 5 లోపు ఉంటే మామూలే అంటారు. పిల్లల్లో 1 దాటితే చాలు, జబ్బు కింద లెక్క. 1 నుంచి 5 వరకు తక్కువ, 5 నుంచి 10 మధ్యస్థం, 10 దాటితే తీవ్రం. పెద్దల్లో ఊపిరి పది సెకన్లు ఆగితేనే ఒక సంఘటనగా లెక్కిస్తారు. పిల్లల్లో రెండు ఊపిరులకి పట్టేంత సేపు ఆగినా లెక్కే, ఎందుకంటే వాళ్ల ఊపిరితిత్తుల్లో నిల్వ తక్కువ, ఆక్సిజన్ త్వరగా పడిపోతుంది. గంటకి 4 ఉన్న ఐదేళ్ల పాపకి "నార్మల్" అని రాసిచ్చిన రిపోర్టు నా కళ్లతో చూశాను. పిల్లల స్టడీలు చేసే అలవాటున్న చోటే చేయించండి.

అలాంటి ల్యాబ్ అందుబాటులో లేకపోతే, రాత్రంతా వేలికి పెట్టి రికార్డు చేసే పల్స్ ఆక్సీమీటర్‌తో కొంతవరకు తెలుస్తుంది. అందులో ఆక్సిజన్ గుంపులు గుంపులుగా పడిపోతున్నట్టు కనిపిస్తే జబ్బు ఉన్నట్టే అనుకోవచ్చు. బాగానే ఉంటే మాత్రం జబ్బు లేదని చెప్పలేం. ఆక్సిజన్ పడకుండానే నిద్ర ముక్కలయ్యే పిల్లలు చాలామంది. ఇంట్లో అప్పుడొకసారి ఇప్పుడొకసారి వేలికి తగిలించి అంకె చూసుకోవడం వల్ల ఉపయోగం లేదు.

ఇక మీ అసలు ప్రశ్న, ఆగాలా చేయించాలా అన్నది. దీని మీద మంచి అధ్యయనమే ఉంది. 2013లో అమెరికాలో చాట్ అనే అధ్యయనం ఫలితాలు వచ్చాయి. ఐదు నుంచి తొమ్మిదేళ్ల మధ్య 464 మంది పిల్లలని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి వెంటనే ఆపరేషన్ చేశారు, ఇంకో గుంపుని ఏడు నెలలు గమనిస్తూ ఉంచారు. ఆపరేషన్ అయినవాళ్లలో 79 శాతానికి నిద్ర పరీక్ష మామూలు స్థితికి వచ్చింది. ఊరికే గమనించినవాళ్లలో కూడా 46 శాతానికి వచ్చింది. ప్రవర్తన, నిద్ర, రోజువారీ జీవితం ఆపరేషన్ గుంపులో స్పష్టంగా మెరుగయ్యాయి. ఏకాగ్రతని పరీక్ష పెట్టి కొలిచినప్పుడు మాత్రం రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

కాబట్టి "పెద్దయ్యాక అదే పోతుంది" అన్న డాక్టర్ మాట పూర్తిగా తప్పని నేను అనను. జబ్బు తక్కువ స్థాయిలో ఉండి, బిడ్డ చక్కగా ఎదుగుతూ, పగలు హుషారుగా ఉంటే నేనూ ఆగమనే అంటాను. కానీ ఆగడం అంటే తేదీ పెట్టుకుని ఆగడం. ఆరు నెలలు అనుకుంటే ఆరు నెలలకి మళ్లీ చూడాలి. ఇంకో విషయం, ఆ అధ్యయనంలో ఆక్సిజన్ ఎక్కువసేపు బాగా పడిపోయే పిల్లలని తీసుకోలేదు, ఐదేళ్ల లోపు వాళ్లూ లేరు. దాన్ని పట్టుకుని తీవ్రంగా ఉన్న బిడ్డని ఆపి ఉంచకూడదు. మీ బాబుకి ఏడాదిగా ఉంది, రోజూ ఉంది, ఊపిరి ఆగడం మీ కళ్లకే కనిపిస్తోంది, పగటి ప్రవర్తన కూడా మారింది. పరీక్షలో మధ్యస్థం లేదా తీవ్రం అని తేలితే నా బిడ్డకైతే ఆపరేషన్ చేయిస్తాను.

మందుల సంగతి అడగలేదు గానీ, ఎవరో ఒకరు చెబుతారు కాబట్టి చెబుతున్నాను. తక్కువ స్థాయి జబ్బుకి ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే కొన్ని వారాలు వాడితే కొందరికి అడినాయిడ్ తగ్గి హాయిగా ఉంటుంది. ఉత్త సెలైన్, అంటే ఉప్పు నీటి స్ప్రే కూడా చిన్నచూపు చూడాల్సింది కాదు. 2023లో వచ్చిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో ఆరు వారాలు సెలైన్ వాడిన పిల్లల్లో సుమారు 40 శాతానికి లక్షణాలు తగ్గాయి, స్టెరాయిడ్ వాడినవాళ్లలోనూ దాదాపు అంతే. పరీక్ష తేదీ దొరికేలోపు రోజూ సెలైన్ కొట్టడం మీరు నిస్సందేహంగా మొదలుపెట్టొచ్చు. అలర్జీకి, ఆస్తమాకి వాడే మాంటెలుకాస్ట్ అనే మందు రాస్తే మాత్రం ఒక జాగ్రత్త. అది కొందరు పిల్లల్లో పీడకలలు, కోపం, దిగులు లాంటి మార్పులు తెస్తుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో దాని మీద తీవ్రమైన హెచ్చరిక పెట్టింది. అలాంటి మార్పు కనిపిస్తే వెంటనే డాక్టర్‌కి చెప్పండి. తీవ్రమైన జబ్బుకి ఈ మందులేవీ ఆపరేషన్‌కి బదులు కావు.

ఆపరేషన్ గురించి తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "టాన్సిల్స్ తీసేస్తే రోగనిరోధక శక్తి పోదా?" గొంతులో, నాలుక వెనక, ముక్కు వెనక, ఒళ్లంతా అలాంటి కణజాలం ఇంకా బోలెడు ఉంటుంది. తీసేసిన పిల్లలు దానివల్ల తరచూ జబ్బు పడటం నా అనుభవంలో చూడలేదు. నేను నిజంగా జాగ్రత్తపడే విషయాలు వేరే ఉన్నాయి.

మొదటిది, రక్తస్రావం. మొదటి 24 గంటల్లో రావచ్చు, లేదా ఐదో రోజు నుంచి పదో రోజు మధ్య, అంతా బాగుందనుకున్నాక, గొంతులో పొర ఊడేటప్పుడు రావచ్చు. చాలామందికి రాదు. కానీ ఆ పది పన్నెండు రోజులు ఆసుపత్రికి త్వరగా చేరగలిగేంత దూరంలోనే ఉండండి. ఉమ్మిలో ఎర్రటి రక్తం కనిపిస్తే, నిద్రలో బిడ్డ మాటిమాటికీ గుటకలు వేస్తుంటే ఫోన్ చేసి కూర్చోకండి, బయలుదేరండి. గొంతులో తెల్లటి పొర కట్టడం, నోటి దుర్వాసన, చెవి నొప్పి మామూలే, వాటికి కంగారు పడొద్దు.

రెండోది, నొప్పి మందు. ఈ జబ్బున్న పిల్లలకి మత్తు తరహా నొప్పి మందులు పెద్ద ప్రమాదం. కోడీన్‌ని కొందరు పిల్లల శరీరం చాలా వేగంగా మార్ఫిన్‌గా మార్చేస్తుంది, ఊపిరి మందగిస్తుంది. ఇలా ఆపరేషన్ తర్వాత ఇంట్లో చనిపోయిన పిల్లలు ఉన్నారు. అందుకే అమెరికాలో 2013లో టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత పిల్లలకి కోడీన్ ఇవ్వకూడదని, 2017లో పన్నెండేళ్ల లోపు వాళ్లకి కోడీన్, ట్రమడాల్ రెండూ ఇవ్వకూడదని తేల్చి చెప్పారు. పారాసిటమాల్, అవసరమైతే ఐబుప్రోఫెన్, బరువుకి తగిన మోతాదులో వేళ ప్రకారం ఇస్తే సరిపోతుంది. నొప్పి వచ్చాక ఇద్దామని ఆగితే బిడ్డ నీళ్లు మింగడం మానేస్తాడు, గొంతు ఎండి నొప్పి ఇంకా పెరుగుతుంది.

మూడోది, ఆ రాత్రి. మూడేళ్ల లోపు పిల్లలు, తీవ్రమైన జబ్బు ఉన్నవాళ్లు, ఊబకాయం ఉన్నవాళ్లు, గుండె లేదా కండరాల జబ్బులు ఉన్నవాళ్లు ఆపరేషన్ రోజు రాత్రి ఆసుపత్రిలోనే ఉండాలి, ఆక్సిజన్ చూస్తూ ఉండాలి. గొంతులో వాపు వల్ల ఆ ఒక్క రాత్రి ఊపిరి ఇంకా కష్టం కావచ్చు. మత్తు ఇచ్చే డాక్టర్‌కి మీ నోటితో మీరే చెప్పండి: "బాబుకి స్లీప్ అప్నియా ఉంది." ఫైలులో రాసి ఉంటుందిలే అని ఊరుకోకండి.

ఆపరేషన్‌తో అందరికీ పూర్తిగా తగ్గుతుందని మాత్రం ఎవరికీ మాటివ్వను. బరువు ఎక్కువ ఉన్నవాళ్లకి, ముందే తీవ్రంగా ఉన్నవాళ్లకి, దవడ చిన్నదిగా ఉన్నవాళ్లకి, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకి కొంత మిగిలిపోవచ్చు. నా దగ్గర ఒక తొమ్మిదేళ్ల పాపకి ఆపరేషన్ తర్వాత గంటకి ఇరవై పైన ఉన్న లెక్క ఏడుకి వచ్చి అక్కడే ఆగింది. ఆ తర్వాత బరువు తగ్గడం, ఏడాదిపాటు రాత్రిళ్లు ముక్కుకి మాస్కు పెట్టుకునే సీప్యాప్ యంత్రం, అంగిలిని నెమ్మదిగా వెడల్పు చేసే దంత వైద్యం, మూడూ కలిస్తే గానీ దారిలోకి రాలేదు. పాప మొదట మాస్కు పీకి పారేసేది. వాళ్ల అమ్మ పగలు ఆడుకునేటప్పుడు పెట్టి అలవాటు చేసింది. ఆ ఓపికకి నేను చేతులెత్తి మొక్కాను. ఇది చదివేవాళ్లలో ఎవరి బిడ్డకైనా డౌన్ సిండ్రోమ్ ఉంటే, గురక వినిపించకపోయినా మూడు, నాలుగేళ్ల మధ్య ఒకసారి స్లీప్ స్టడీ చేయించండి. ఆ పిల్లల్లో ఈ జబ్బు అంత ఎక్కువ, పైకి అంత తక్కువగా తెలుస్తుంది.

మీ బాబు విషయంలో ఈ వారం ఆ తెల్లవారుజాము వీడియోలు తీసి దాచండి, బరువూ ఎత్తూ రాసి పెట్టుకోండి, పిల్లల గొంతు, నిద్ర సమస్యలు చూసే ఈఎన్‌టీ డాక్టర్‌కి ముందు అవి చూపించి, తర్వాతే నోరు తెరిపించమనండి. ఆపరేషన్ దాకా వెళ్తే ఆ వీడియోలు చెరిపేయకండి. రెండు మూడు నెలలు గడిచి గొంతు పూర్తిగా మానాక మళ్లీ ఒక రాత్రి నాలుగింటికి లేచి, అదే మంచం మీద, అదే వెలుతురులో ఇంకోటి తీసి పాతదాని పక్కన పెట్టి చూడండి. మెడ గుంట ఇంకా లోపలికి పోతుంటే రెండో స్లీప్ స్టడీ అడగండి.